18446744073709551615ని 3తో భాగిస్తే శేషం 1 ఎందుకు చూపిస్తోంది?

ప్రశ్న: గడినుడి

చదరంగం బల్ల మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 2⁶⁴ − 1 గింజలు. అంటే 18446744073709551615. పదో తరగతిలో గుణశ్రేఢి అయ్యాక ఈ సంఖ్య కారణాంకాలు చూపిద్దామని లెక్క మొదలుపెడితే కింది చిక్కులు వచ్చాయి.

అంకెల మొత్తం 87. కాబట్టి 3తో నిశ్శేషంగా పోవాలి. కానీ బ్రౌజర్ కన్సోల్‌లో (జావాస్క్రిప్ట్ ఆదేశాలు టైప్ చేసే చోటు) సంఖ్య టైప్ చేసి % 3 (3తో భాగిస్తే శేషం) అంటే 1 వస్తోంది. చివరి అంకె 5, అయినా % 5 కూడా 1 అంటోంది. 17కీ 1, 257కీ 1. అన్నిటికన్నా విడ్డూరం, % 2 అంటే 0 చూపిస్తోంది. బేసి సంఖ్య సరి సంఖ్య ఎలా అయింది?

7కి సంబంధించి ఇంకో తేడా. కన్సోల్ శేషం 2 అంటోంది. 1001 పద్ధతిలో (కామాల మధ్య ఉన్న గుంపులను కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడి తీసేసే పద్ధతి) కాగితం మీద చేస్తే 5 వచ్చింది. నేను రాసుకున్న రూపం 1,84,46,74,40,73,70,95,51,615.

దీనికి ప్రధాన కారణాంకాలు ఏడే అని చదివాను. ఏడే ఎందుకు? ప్రోగ్రామ్ లేకుండా పిల్లల చేత రాబట్టించే దారి ఉందా?

జవాబు 1: బిట్టుబైటు

కన్సోల్ భాగహారం తప్పు చేయలేదండీ. మీరు ఇచ్చిన సంఖ్యను కాకుండా పక్క సంఖ్యను భాగించింది.

జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్య 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో ఉంటుంది. అందులో విలువను మోసే బిట్లు 53 మాత్రమే. 2⁵³, అంటే 9007199254740992 వరకు ప్రతి పూర్ణ సంఖ్యకూ చోటుంది. ఆపైన ఖాళీలు మొదలవుతాయి. 2⁶⁴కు కాస్త దిగువన ఆ ఖాళీ 2048. అంటే 2⁶⁴ తర్వాత కింద దొరికే సంఖ్య 2⁶⁴ − 2048. మధ్యలో ఏదీ లేదు. మీ సంఖ్య 2⁶⁴కు ఒక్క మెట్టే దిగువన ఉంది కాబట్టి టైప్ చేసిన క్షణంలోనే 18446744073709551616 అయి కూర్చుంది. అది సరి సంఖ్య, 2తో పోతుంది.

ఇప్పుడు మీకొచ్చిన శేషాలను మళ్లీ చూడండి. 3, 5, 17, 257 ఇవన్నీ 2⁶⁴ − 1ని నిశ్శేషంగా భాగించేవి. అందుకే 2⁶⁴ని భాగిస్తే అన్నిటికీ 1 మిగులుతుంది. 641, 65537, 6700417 వేసి చూసినా 1 వస్తుంది. 7కి వచ్చిన 2లోంచి 1 తీసేస్తే 1, అదే అసలు శేషం. ఒకటి గమనించండి: కన్సోల్ ఆ సంఖ్యను 18446744073709552000 అని చూపిస్తుంది. లోపల ఉన్నది అదీ కాదు. పక్క విలువతో కలిసిపోకుండా గుర్తించడానికి కావలసినన్ని అంకెలు చూపించి, మిగతా చోట సున్నాలు పెడుతుంది, అంతే.

సరిచేయడం తేలిక. రెండు సంఖ్యల చివరా ఎన్ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం తగిలించండి, ఖాళీ లేకుండా. అప్పుడు ఎన్ని అంకెలున్నా కచ్చితంగా లెక్కిస్తుంది. ఒకదానికే తగిలించి రెండోదాన్ని వదిలేస్తే లెక్క వేయకుండా దోషం చూపిస్తుంది.

పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకు ఈ బాధ లేదు, 2**64-1 అంటే అచ్చంగా అదే. కానీ భాగహారం గుర్తు దగ్గర జారిపోతారు. ఒక్క గీత / వాడితే ఫలితం ఫ్లోటింగ్ రూపంలోకి మారుతుంది. 3తో అలా భాగించి తిరిగి పూర్ణ సంఖ్యగా మారిస్తే 6148914691236516864 వస్తుంది. నిజమైన భాగఫలం 6148914691236517205. తేడా 341. రెండు గీతలు // పెడితే సరైనది వస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో అయితే 15 అంకెల దాకే నిలుస్తాయి. ఈ సంఖ్య టైప్ చేస్తే చివరి ఐదు అంకెలు సున్నాలైపోతాయి, కాబట్టి దాని మీద ఏ భాజనీయత పరీక్ష చేసినా దండగే.

సి భాష వాడేవాళ్లకు ఒక మాట. గుర్తు లేని 64 బిట్ల పూర్ణ సంఖ్యకు గరిష్ఠ విలువ సరిగ్గా ఇదే, అందుకని 64 గళ్ల మొత్తం ఒక్క గింజ కూడా ఒలకకుండా అందులో పడుతుంది. ఇంకొక్కటి కలిపితే 0. అయితే ఈ విలువ తెప్పించడానికి 1ని 64 స్థానాలు ఎడమకు జరిపి 1 తీసేయకండి. 64 బిట్ల సంఖ్యను 64 స్థానాలు జరపడమనేది ఆ భాష నిర్వచించని పని. కొన్ని ప్రాసెసర్లు అసలు జరపకుండా 1నే తిరిగిస్తాయి, అప్పుడు మీ మొత్తం 0 అవుతుంది. 0లోని బిట్లన్నిటినీ తిరగేస్తే ఏ గొడవా లేకుండా వస్తుంది.

జవాబు 2: కాగితంకలం

కారణాంకాలకు కంప్యూటర్ అక్కర్లేదు. a² − b² = (a − b)(a + b) అనే తొమ్మిదో తరగతి సర్వసమీకరణం చాలు. 64 అనేది 2 యొక్క ఘాతం కాబట్టి సగం, సగంలో సగం చేసుకుంటూ 1 దాకా దిగవచ్చు. ఈ సంఖ్యకున్న అందమంతా ఆ ఒక్క సంగతిలోనే ఉంది.

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). ఎడమవైపు దాన్ని మళ్లీ విడగొడితే (2¹⁶ − 1)(2¹⁶ + 1). అలా చివరిదాకా వెళ్తే

2⁶⁴ − 1 = (2 + 1)(2² + 1)(2⁴ + 1)(2⁸ + 1)(2¹⁶ + 1)(2³² + 1)
= 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఈ ఆరింటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ప్రతి ఒక్కటీ దాని ముందున్న వాటన్నిటి లబ్ధానికి 2 కలిపితే వచ్చేదే: 3 × 5 + 2 = 17, 3 × 5 × 17 + 2 = 257. ఉమ్మడిది ఏదైనా ఉంటే అది 2ని భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలు.

1640లో ఫెర్మా ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. ఆరోది కాదని 1732లో ఆయిలర్ చూపించాడు. క్లాసులో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

p అనే ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకోండి. p తో భాగించినప్పుడు 2³² శేషం −1 (అంటే p − 1), దాని వర్గం 2⁶⁴ శేషం 1. 2 ఘాతాల శేషం మొదటిసారి 1 అయ్యే ఘాతాంకం 64ను భాగించాలి, 32ను భాగించకూడదు. అంటే అది 64 తప్ప ఇంకోటి కాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఘాతాంకం p − 1 దగ్గర కూడా శేషం 1 వస్తుంది, కాబట్టి 64 అనేది p − 1ని భాగించి తీరాలి. అంటే p = 64k + 1. ఇంకో మెట్టు కూడా ఎక్కవచ్చు. 8తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలకు 2 అనేది ఏదో ఒక సంఖ్య వర్గం ఇచ్చే శేషమే అవుతుంది. ఆ సంఖ్య ఘాతాలు 128 దగ్గర మొదటిసారి 1కి వస్తాయి. అందుకని p = 128k + 1. ఈ రెండో మెట్టు పందొమ్మిదో శతాబ్దంలో ల్యూకా చూపించింది.

ఇక వెతకాల్సినవి 129, 257, 385, 513, 641... 129లో 3 ఉంది, 385లో 5 ఉంది, 513లో 3 ఉంది. 257 ఇప్పటికే మన వరుసలో ఉంది, పైన చెప్పినట్టు మళ్లీ రాదు. అంటే నిజంగా భాగించి చూడాల్సిన మొదటి సంఖ్యే 641!

641ని పరీక్షించడానికి పది అంకెల భాగహారం కూడా వద్దు. 2¹⁶ = 65536. అందులోంచి 641 × 102 = 65382 తీస్తే 154. దాని వర్గం 23716, అందులోంచి 641 × 36 = 23076 తీస్తే 640, అంటే −1. కాబట్టి 2³² + 1 నిశ్శేషంగా పోతుంది. భాగఫలం 6700417.

6700417 ప్రధాన సంఖ్యేనా అన్నది వదిలేయకండి, చాలామంది ఇక్కడ ఆగిపోతారు. దాని వర్గమూలం 2588 చిల్లర. దాని కారణాంకాలు కూడా 128k + 1 రూపంలోనే ఉండాలి. ఆ హద్దులోపల ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257ని ముందే కొట్టేశాం. మిగతా వాటికి శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ 0 కాదు. నాలుగు భాగహారాలతో ఏడంకెల సంఖ్య ప్రధానమని తేలిపోయింది. 65537కి ఇంకా తేలిక. వర్గమూలం 256, దాని కారణాంకాలు 64k + 1 రూపంలో ఉండాలి, ఆ హద్దులో ప్రధాన సంఖ్య 193 ఒక్కటే. శేషం 110.

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడే ఎందుకు అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. 2 ఘాతాల శేషాలు p దగ్గర ఎన్ని మెట్లకొకసారి 1కి తిరిగొస్తాయో, ఆ చక్రం పొడవు 64ని భాగించాలి. 3కి 2, 5కి 4, 17కి 8, 257కి 16, 65537కి 32, 641కీ 6700417కీ 64. 7 దగ్గర 2, 4, 1 అని మూడింటికే తిరిగొస్తుంది. 3 అనేది 64ని భాగించదు కాబట్టి 7కి ఇందులో చోటు లేదు. 11కి చక్రం 10, 13కి 12. అందుకే అవీ లేవు.

మీ 5 శేషం సంగతి. 1001 పద్ధతికి (1001 = 7 × 11 × 13) మూడేసి అంకెల గుంపులు కావాలి, 10³ = 1001 − 1 కాబట్టి. మన కామాలు చివర మూడు, ఆపైన రెండేసి. మీరు ఆ గుంపులనే వాడారు, అందుకే 733 వచ్చి 7తో శేషం 5 మిగిలింది. కామాలు పట్టించుకోకుండా కుడి నుంచి మూడేసి తీయండి: 615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016. దాన్ని 7తో భాగిస్తే 1, 11తో 4, 13తో 2. మొదటి జవాబులో చెప్పిన 1తో సరిపోయింది.

రెండేసి అంకెలు కావాలన్నా కామాలను నమ్మవద్దు, చివరి 615 వల్ల జతలు ఒక స్థానం పక్కకు జరిగి ఉంటాయి. సరైన జతలు 18, 44, 67, 44, 07, 37, 09, 55, 16, 15. కూడితే 312. 9తో శేషం 6, 11తో శేషం 4. ఒక్క కూడికతో రెండు పరీక్షలు.

జవాబు 3: పద్యపాదం

అంకెలు తప్పు లేకుండా బోర్డు మీద రాయడానికి మన దగ్గర ఎప్పటినుంచో సాధనం ఉంది. పావులూరి మల్లన గణితంలోదిగా చెప్పుకునే చంపకమాల ఒకటి ఈ సంఖ్యనే భూతసంఖ్యల్లో (అంకెల బదులు వాటిని సూచించే మాటలు వాడే పద్ధతిలో) చెబుతుంది. మాటలు వరుసగా ఇవి:

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

భూతసంఖ్యల్లో అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయి. చివరి మాట తుహినాంశు నుంచి వెనక్కి రాసుకుంటే 18446744073709551615. ఇరవై మాటలు, ఇరవై అంకెలు, ఒక్కటీ పోలేదు!

పిల్లలు తడబడేవి రెండు చోట్ల. పద్యంలో 'వియన్నగాగ్ని' అని కలిసిపోయి ఉంటుంది. అది వియత్ + నగ + అగ్ని, అంటే 0, 7, 3. 'వియన్న' దగ్గర విరిస్తే సున్నా పోతుంది. రెండోది, 'పద్మజాస్య'ను పద్మజ, ఆస్య అని రెండు అంకెలుగా లెక్కించడం. అది ఒకే మాట: బ్రహ్మ ముఖాలు, 4.

చదివిన వరుసలోనే ఎడమ నుంచి రాసేస్తే 51615590737044764481 వస్తుంది. అంకెల మొత్తం అదే 87 కాబట్టి 9 పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. 11 పరీక్ష పడుతుంది: అంకెల సంఖ్య సరి కాబట్టి తిరగేస్తే ఒకటి విడిచి ఒకటి వేసే మొత్తం గుర్తు మారి 37 కాస్తా −37 అవుతుంది, శేషం 4 బదులు 7. పక్కపక్క అంకెలు తారుమారైనా అంతే, 9కి తెలియదు, 11కి తెలుస్తుంది. అందుకే రెండూ చేయాలి.

నోటితో చదవడానికి కోట్ల కోట్లుగా విడగొట్టండి: లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, 44 లక్షల 7 వేల 370 కోట్లు, 95 లక్షల 51 వేల 615. కుడి నుంచి ఏడేసి అంకెలు తీసుకుంటే ఇది తనంతట తనే వస్తుంది.

గడినుడి

మూడు చిక్కులూ విడిపోయాయి, అందరికీ ధన్యవాదాలు. 733 బదులు 1016 వచ్చింది. ఇంకో రెండు అడుగుతాను. మొత్తం భాజకాలు ఎన్ని, వాటి మొత్తం సంఖ్యను మించుతుందా? ఇదే దారిలో 2¹²⁸ − 1 కూడా చేయవచ్చా?

కాగితంకలం

ఏడు ప్రధాన సంఖ్యలు, ప్రతి ఒక్కటీ ఒక్కసారే. ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో, కాబట్టి 2⁷ = 128 భాజకాలు. వాటి మొత్తం 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418. పూర్తిగా గుణించనక్కర్లేదు, నిష్పత్తి చాలు: 4/3 × 6/5 × 18/17 దగ్గరే 1.694 అవుతుంది, మిగతా నాలుగూ కలిసి దాన్ని 1.7034 దాకా మాత్రమే లాగుతాయి. 2కి చేరలేదు. తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తం తనలో 70 శాతం చిల్లరే.

ఆ 128లో 32 ఒక ప్రత్యేకమైన గుంపు. 3, 5, 17, 257, 65537 మాత్రమే వాడి చేసినవి, అంటే 4294967295 భాజకాలు. 1ని వదిలేస్తే 31. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగలమని ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు సరిగ్గా ఈ 31 భుజసంఖ్యలవే. 17 భుజాలది గీయవచ్చని గాస్ 1796లో కనుక్కున్నాడు. 641ని కలుపుకున్న ఏ భాజకానికీ ఆ భాగ్యం లేదు. 640 అనేది 2 ఘాతం కాదు, అందులో 5 ఉంది.

2¹²⁸ − 1కి కొత్తగా చేరేది 2⁶⁴ + 1 ఒక్కటే. దాని కారణాంకాలు 256k + 1 రూపంలో ఉండాలి. మొదటిది 274177, అంటే k = 1071. మిగిలింది 67280421310721, అదీ ప్రధాన సంఖ్యే. 1880లో లాండ్రీ ఈ విభజన చేశాడు. పిల్లల చేత k = 1071 దాకా కాగితం మీద చేయించకండి. 274177 ఇచ్చేసి, 641కి చేసినట్టు వర్గం చేస్తూ శేషం −1 వస్తుందో లేదో చూడమనండి. 2¹⁶ = 65536 నుంచి మొదలుపెడితే రెండు వర్గాలతో అయిపోతుంది.

బిట్టుబైటు

బైనరీ తెలిసిన పిల్లలుంటే ఇది కూడా చూపించండి. ఈ సంఖ్య బైనరీలో వరుసగా 64 ఒకట్లు. 3తో భాగిస్తే 0101 అని ఒక్కో బిట్టు మారుతూ పోతుంది, విలువ 6148914691236517205. 5తో భాగిస్తే 0011 అని రెండేసి, విలువ 3689348814741910323. 17తో భాగిస్తే నాలుగేసి సున్నాలు, నాలుగేసి ఒకట్లు, విలువ 1085102592571150095. 257కి ఎనిమిదేసి, 65537కి పదహారేసి. ఒక సంఖ్యలో ఎన్ని 1 బిట్లు ఉన్నాయో వేగంగా లెక్కపెట్టే ప్రోగ్రాముల్లో మాస్కులుగా (కావలసిన బిట్లను మాత్రమే ఉంచి మిగతావి సున్నా చేసే సంఖ్యలుగా) కనిపించేవి ఈ భాగఫలాలే. మొదట పక్కపక్క బిట్లు కూడడానికి మొదటిది, ఆ జతల్ని కూడడానికి రెండోది, నాలుగేసి బిట్ల గుంపులకు మూడోది. 641తో భాగిస్తే మాత్రం ఇంత పొందికైన నమూనా ఏదీ కనిపించదు.